మందుతోపాటు మన్ననయు వలయును
(తిరుత్తణిలో జరిగిన సంఘసభయందు చేసిన ప్రసంగపాఠము)



క్షయరోగమునకు మందు చెప్పుట వైద్యుల పని. ఆ రోగితో కలిసి బ్రదుకువారము మనము. మన పని యేమో, వర్తకుడనైన నాకు తెలిసినంత మనవి చేయుదును.

1960 ఏప్రిల్ 1వ తేదీన మదరాసు రాష్ట్రమున చేరువరకు మన తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిది. ఆ జిల్లాలోనే మదనపల్లె చెంత ఆరోగ్యవరము క్షయవైద్యశాల 1915 నుండి నడచినది. ఆ కాలమున క్షయ యనిన ఇల్లు విడిచి నెలల తరబడి శానిటోరియములో నుండవలసినదే. మంచి గాలి, పుష్టికరమైన ఆహారము, విశ్రాంతి, ఇవియే ముఖ్యచికిత్స. రోగిని వేరుగా నుంచవలెనను తలంపు నాటినుండి మనలో పాతుకొనిపోయినది.

1956లో మదరాసు చేత్‌పట్టులో క్షయచికిత్సా పరిశోధనకేంద్రము వెలసినది. అచ్చటివారు 193 మంది రోగులను రెండు తెగలుగా చేసి, ఒక తెగకు శానిటోరియములోను, రెండవ తెగకు ఇంటివద్దను, ఒకే మందులను ఒక సంవత్సరము ఇచ్చిరి. ఇంటనున్నవారికి తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ, ఇండ్లు ఇరుకు. అయినను ఇరువురికిని గుణము ఇంచుమించు సమానమే. వారివలన ఇంటివారికి రోగము అధికముగా అంటినదియు లేదు. 1959లో వెలువడిన యీ ఫలితముతో, రోగి తన యింటనే యుండి కోలుకొనవచ్చునని లోకమునకు తెలిసినది.

తిరువళ్లూరు ప్రాంతమున పరిశోధకులు రోగులను దగ్గును గూర్చియే గాక, పని చేయగలుగుచున్నారా, మనస్సు ఎట్లున్నది, బంధువులు ఎట్లు చూచుచున్నారు అనియు అడిగి తెలిసికొనిరి. మందు ముగిసిన పిదపను కొందరికి బాధలు మిగిలియుండుట కనబడినది. క్రిములు నశించుట వేరు. మనిషి మునుపటివలె బ్రదుకుట వేరు.

మన ఇండ్లలో జరుగునదేమి? ఆడపిల్లకు రోగము వచ్చినచో సంబంధములు తప్పిపోవునని దాతుము. పనివాడు పని పోవునని దాచును. దాచుటకై దూరపు ఊరి ఆసుపత్రికి పోవుటయు, బస్సు ఛార్జీలు లేక నడుమనే మందు మానుటయు జరుగును. అట్లు మానినచో రోగము మందులకు లొంగనిదిగా మారవచ్చును.

తల్లులారా! ఊపిరితిత్తుల క్షయ దగ్గుతుంపరలతో గాలిలో వ్యాపించును గాని కంచమువలనను, బట్టలవలనను అంటదు. రోగి నోటికి గుడ్డ యడ్డము పెట్టుకొని, గాలి వెలుతురు గల గదిలో నుండవలెను. తగిన మందు క్రమముగా తీసికొన్న కొలది వారములలోనే అంటించు శక్తి మిక్కిలి తగ్గును. కంచము వేరు చేయకుడు.

వర్తకసోదరులారా! సామాన్యమైన క్షయకు మందు ఆరునెలలు. ప్రభుత్వాసుపత్రిలో అది ఉచితము. పోషణకై ప్రభుత్వము 2018 నుండి నెలకు 500 రూపాయలును, 2024 నవంబరు నుండి 1000 రూపాయలును ఇచ్చుచున్నది. కాని పనివాని స్థానమును నిలుపవలసినది మనమే. మూటలు మోయువానికి కోలుకొనువరకు చిట్టా వ్రాతయో, తూకమో అప్పగింపుడు. ఆసుపత్రికి పోయిన దినమున కూలి కోయకుడు. సరుకు అరువిచ్చి ఆరునెలలు వేచియుండు మనము, మనిషికొరకు వేచియుండలేమా?