అడుగని పుస్తకము: కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారి స్మారకోపన్యాసము



లక్ష్మణరావు పంతులుగారి చరిత్ర పరిశోధనమును గూర్చి ప్రసంగింపగల పెద్దలు నాకంటె అర్హులు పలువురు కలరు. నేను మాత్రము వారు తెలుగు పాఠకునకు జేసిన వేఱొక ఉపకారమును, అనగా తాను కోరవలయునని సైతము ఎఱుగని శాస్త్రమును వాని చేతిలో బెట్టిన ఉపకారమును గూర్చి విన్నవించుకొందును.

1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలి వెలసినపుడు, వినోదమునకు నవల, పుణ్యమునకు పురాణము, పాండిత్యమునకు ప్రబంధము తెలుగువానికి చాలునని తలచెడి రోజులు. మునగాల సంస్థానమున దివానుగా నున్న పంతులుగారును, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారును, రావిచెట్టు రంగారావుగారును గలసి ఆ మండలి పక్షమున తలపెట్టిన గ్రంథమాలలో మొదట వెలువడినది హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము. పిమ్మట పంతులుగారి హిందూ మహాయుగము, ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము వచ్చినవి. వేర్వేఱు శాస్త్రములు ఒకే మాలలో ఒకదానిచెంత నొకటి నిలిచినవి. ఈ పొరుగుదనమే పంతులుగారి సంపాదకత్వమున నేను మిక్కిలి ప్రేమించు గుణము.

దాని ఫలము నేను స్వయముగా ననుభవించితిని. బాల్యమున మా యూరి గ్రంథాలయమునకు శివాజీ చరిత్రము కొఱకు బోతిని. కార్యదర్శిగారు రిజిష్టరు త్రిప్పి చూచి, అది బయటికి పోయినదనిరి. నా ముఖము చిన్నబోవుట జూచి, ఆ ఖాళీకి ప్రక్కనున్న పుస్తకమును దీసి, "ఈ మాలలోదే, ఇది చదువు నాయనా" అని నా చేతికిచ్చిరి. అది జీవశాస్త్రము. గుఱ్ఱములును కోటలును వెదుకబోయినవానికి గింజలును వేళ్లును దొరకిన దుఃఖముతో ఇల్లు చేరితిని.

మఱునాడు మా నాయనమ్మ వడలకై నానవైచిన అలసందలలో ఒక గింజను దీసి, తొక్క యొలిచి, గోటితో రెండు బద్దలుగా విడదీసితిని. ఒక బద్ద యంచున, పాలవలె తెల్లనై, ముడుచుకొని, వేరు కాబోవు మొనయు ఆకులు కాబోవు రేకులును గల చిన్న మొలక యుండెను. ఎన్ని యేండ్లుగా నే నా వడలను తినుచుంటిని! ఒక్క గింజనైనను విప్పి చూచితినా? నాడు సాయంకాలము వఱకు అలసందలను, శనగలను, చింతగింజలను విప్పుచునే యుంటిని. నాయనమ్మ కసరినది గాని, పిమ్మట తానును కండ్లకు దగ్గఱగా బట్టుకొని చూచినది.

శివాజీ చరిత్రము ఆనాడు బీరువాలోనే యుండినచో నాకీ గింజ యెప్పటికి దొరకెడిది? తనకు దెలిసినదానిని మాత్రమే మనుజుడడుగును; తెలియనిదానిని మఱియొకరు ఎదుట బెట్టవలయును.

రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రములలో మూడవది, ప్రతి పుస్తకమునకును దాని పాఠకుడు చేకూరవలయుననునది. అందుకొఱకే బీరువాలకు తాళములు తీసి పాఠకుని స్వేచ్ఛగా తిరుగనిండని వారు వాదించిరి. వర్గీకరణమును నేను కాదనను. అది లేని గ్రంథాలయము బజారున పోసిన రాశి. కాని వర్గీకరణము చరిత్రమును చరిత్రము చెంతనే నిలుపును. శివాజీకిని అలసందకును నడుమ నాలుగు గోడల దూరమేర్పడును.

పంతులుగారి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమున మాత్రము ఆ గోడలు లేవు. అకారాది క్రమము కులగోత్రముల నడుగదు. వర్ణక్రమము కుదిరినచో గణితము ప్రక్కన వేదాంతము, రాజు ప్రక్కన రోగము కూర్చుండును. మూడు సంపుటములు వెలువడినవి. వర్ణమాల తొలి మెట్లనైనను దాటకమున్నే, 1923 జూలై 12న, నలువదియాఱేండ్ల వయస్సున పంతులుగారు గతించిరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు పిమ్మట ఆ కార్యమును తిరిగి చేపట్టిరి గాని, అనుకొన్నంత సాగలేదు. క్షకారము వఱకు నడిచియుండినచో ఎన్ని యిండ్లలో ఎన్ని గింజలు విప్పబడియుండెడివో యని తలచినపుడెల్ల నా గుండె బరువెక్కును.

1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలపు కాలువపై నడిపిన పడవ గ్రంథాలయమును గూర్చి ఒక మాట. గట్టున వేచియున్న రైతు తనకేమి కావలయునో నిశ్చయించుకొని వచ్చునా? పడవ యేమి తెచ్చిన అందులోనే ఏఱుకొనవలయును. ఆ పరిమితియే వానికి విశాలమైన ద్వారము.

మనము కూడియున్న ఈ గ్రంథాలయపు నిర్వాహకులకు నా ప్రార్థన యొక్కటే. వాకిటి చెంతనున్న ఆ చిన్న బల్లపై, వర్గసంఖ్యల నెంచక, వారమునకు పదేసి పుస్తకములుంచుడు: పశువైద్యమొకటి, శాసనములపై నొకటి, నక్షత్రములపై నొకటి, వంతెనల నిర్మాణముపై నొకటి. ఎవ్వరైన అడిగిన పుస్తకము బయటికి పోయియున్నచో, లేదని పంపివేయక, వారినా బల్ల వఱకు నడిపించుడు. మొదటి వారమునకు నా యొద్దనున్న పాత జీవశాస్త్రపు ప్రతిని తెచ్చితిని. అట్ట ఊడినది, పుటలన్నియు నున్నవి.