ట్రెజరీని ఎలా పలకాలి?

(కొల్లేటికోటలో జరిగిన మన సంఘ సభ్యుల కార్తీక సమావేశంలో ఒక విశ్రాంత ఇంగ్లీషు లెక్చరరు చేసిన ప్రసంగ పాఠం)



పెద్దింట్లమ్మ దర్శనం చేసుకుని, కొల్లేటి గాలికి హాయిగా కూర్చున్నాక ఇంగ్లీషు పాఠం ఎవరికి కావాలని మీలో కొందరికి అనిపించవచ్చు. కార్యదర్శిగారు పట్టుబట్టి ఈ విషయమే మాట్లాడమన్నారు. కారణం మన ఇళ్లలోనే ఉంది. మనవలు, మనవరాళ్లు డిగ్రీల్లో, ఇంజనీరింగులో మార్కులు బాగానే తెచ్చుకుంటున్నారు. ఇంటర్వ్యూ గదిలో అడుగు పెట్టేసరికి మాత్రం నోరు పెగలడం లేదు. మన రాష్ట్రంలో 2021-22 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ కోర్సులను ఇంగ్లీషు మీడియంలోకి మార్చారు. ఈ చుట్టుపక్కల లంక గ్రామాల్లో తెలుగులో చదువుకున్న పిల్లవాడు ఏలూరు కాలేజీలో చేరి, వెనక బెంచీలో కూర్చుని, ఒక్క సందేహమైనా అడగకుండా మూడేళ్లూ గడిపేస్తాడు. తెలియక కాదు, పక్కవాళ్లు నవ్వుతారేమోనని. ఈ మౌనం వల్ల చేతికందిన ఉద్యోగాలు జారిపోవడం నేను సర్వీసులో చాలాసార్లు చూశాను.

అసలు ఈ పొరపాట్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? సోమరితనం వల్ల కాదు. మన లిపి రాసినట్టే చదివే లిపి. ఆ అలవాటుతో రశీదును సూచించే ఇంగ్లీషు మాటలో పలకని ‘ప’కారాన్ని కూడా పిల్లవాడు శ్రద్ధగా పలుకుతాడు. మన మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్సు, కారు, లైటు అయ్యాయి. మాట మొదట్లో ఎకారం వస్తే యకారమూ, ఒకారం వస్తే వకారమూ మన నోటికి తెలియకుండానే తోడవుతాయి. కోడిగుడ్డు ‘యెగ్గు’ అయిందీ, ‘ఓన్లీ’ కాస్తా ‘వోన్లీ’ అయిందీ అలాగే. ఇది తెలుగు నేర్పిన క్రమశిక్షణ. దాన్ని తిట్టి లాభం లేదు, పక్కకు తప్పించడం నేర్పాలి.

మన తెలుగే ఇందుకు సాయం చేస్తుంది కూడా. మీరంతా ఒకసారి ‘మేక’ అనండి. ఇప్పుడు గోడకు కొట్టే ‘మేకు’ అనండి. రాసేటప్పుడు రెండూ ‘మే’లే. కాని మన కోస్తా వాళ్లం ‘మేక’ అనేటప్పుడు దవడ కిందికి దిగుతుంది, నోరు వెడల్పవుతుంది. బ్యాంకు, బ్యాగు అన్న మాటల్లో ఇంగ్లీషు వాళ్లు పలికే అచ్చుకు అది చాలా దగ్గర. కాస్త పొట్టిగా పలికి, మధ్యలో మనం చేర్చే యకారాన్ని తీసేస్తే చాలు. పుట్టినప్పటి నుంచి మన నోట్లోనే ఉన్న ధ్వని అది. ఈ సంగతి చెప్పగానే క్లాసులో పిల్లల ముఖాలు విప్పారేవి.

ట్రెజరీ సంగతి వేరు. నెలనెలా మనం తలుచుకునే ఆ మాట నడుమనున్న ధ్వనికి తెలుగులో అక్షరమే లేదు. గొంతు మీద రెండు వేళ్లు పెట్టుకుని ‘ష్’ అని సాగదీయండి. వేళ్లకు ఏమీ తెలియదు. నాలుక కదల్చకుండా గొంతు మోగించండి. వచ్చింది చూశారా, అదే. ఇంకొకటి. సన్నని కాగితం ముక్క పెదవుల ముందు పట్టుకుని ‘పని’ అనండి, కాగితం పెద్దగా కదలదు. గుండుసూదిని ఇంగ్లీషు వాళ్లు ‘పిన్’ అంటే కాగితం ఎగురుతుంది. ఆ ఊపిరి లేకపోతే వాళ్ల చెవికి అది ‘బిన్’ అని వినిపించే అవకాశముంది.

అయితే వీటన్నిటికంటే పెద్ద చిక్కు మాటలోని బరువుతో వస్తుంది. తెలుగులో మనం అక్షరాలన్నిటినీ ఇంచుమించు ఒకే బరువుతో నడిపిస్తాం. ఇంగ్లీషులో ఒకటి పైకి లేస్తుంది, మిగిలినవి నలిగిపోతాయి. మన మాటలే తీసుకోండి. ఇంక్రిమెంటులో బరువు మొదటి ‘ఇన్’ మీద. అరియర్స్‌లో ‘రి’ మీద. గ్రాట్యుయిటీలో ‘ట్యు’ మీద. ‘షన్’తో ముగిసే మాటల్లో దానికి ముందున్న అక్షరం మీద. పెన్షన్, ప్రమోషన్, కమ్యుటేషన్... మన సర్వీసంతా ఈ ఒక్క సూత్రంలో ఇమిడిపోయింది! ఫొటోగ్రాఫ్‌లో బరువు మొదటి అక్షరం మీద ఉంటే, ఫొటోగ్రఫీలో రెండోదానికి జరుగుతుంది.

హైదరాబాదులో 1958లో ఇంగ్లీషు బోధన కోసం కేంద్ర సంస్థ ఒకటి వెలిసింది. 2007లో అదే ఇఫ్లూ విశ్వవిద్యాలయమైంది. ఆ సంస్థ ప్రచురణగా 1969లో ఆర్.కె. బన్సల్ గారి పరిశోధన వెలువడింది. మన దేశస్థుల ఇంగ్లీషు ఇతర దేశాల వారికి ఎంతవరకు అర్థమవుతోందో ఆయన కొలిచి చూశారు. అర్థం కాకపోవడానికి ముఖ్య కారణాల్లో మాటలోని బరువు తప్పడం ఒకటని తేల్చారు. మన కాలేజీలు మాత్రం ధ్వనుల గుర్తులు బట్టీ పట్టించి, పరీక్షలో రాయించి ఊరుకుంటాయి. ఈత గురించి వ్యాసం రాయించినట్టు!

అలాగని పిల్లలు ఇంగ్లండు దొరల్లా మాట్లాడాలా? అక్కర లేదని నా అభిప్రాయం. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులుగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి చదువంతా ఈ దేశంలోనే సాగింది. ఆ తరువాత ఆయన ఆక్స్‌ఫర్డులో ఆచార్యులయ్యారు. రికార్డుల్లో ఆయన గొంతు వినండి. అది నిక్కమైన భారతీయ ఉచ్చారణే, ప్రతి మాటా స్పష్టంగా వినబడుతుంది. తాడేపల్లిగూడెంలో 2015లో వచ్చిన ఎన్.ఐ.టి.లో అనేక రాష్ట్రాల పిల్లలు కలిసి చదువుతున్నారు. అక్కడ మన కైకలూరు పిల్లవాడి మాట అర్థం కావలసింది లండను వాడికి కాదు, పక్కన కూర్చున్న బీహారు కుర్రవాడికి. అమెరికా యాస అరువు తెచ్చుకుని, ముక్కుతో మాట్లాడటాన్ని ఉచ్చారణ అనుకోవడం నాకు మింగుడుపడదు.

ఇక మనం చేయగలిగింది. మంచి నిఘంటువులో, బరువు పడే అక్షరానికి ముందు చిన్న నిలువు గీత ఉంటుంది. దాన్ని చూడటం పిల్లలకు అలవాటు చేయండి. ఇప్పుడు ఫోనులోనే నిఘంటువు మాటను పలికి వినిపిస్తోంది. ముందు విననివ్వండి, తరువాత పలకనివ్వండి. వాళ్ల గొంతును అదే ఫోనులో పట్టి వాళ్లకే వినిపించండి. తన తప్పు తన చెవికి పట్టుబడినప్పుడు దిద్దుబాటు త్వరగా జరుగుతుంది. రోజూ పది నిమిషాలు ఇంగ్లీషు పేపరు పైకి చదివించండి. మనకు తీరిక ఉంది, వాళ్ల అమ్మానాన్నలకు లేదు.

ఒక్క మనవి. మనవరాలు చదువుతుంటే మధ్యలో ఆపవద్దు, నవ్వవద్దు. వాక్యం పూర్తయ్యాక తప్పిన మాట ఒక్కటి మాత్రం ఎంచి, మీరూ కలిసి రెండుసార్లు పలకండి. మిగిలినవి రేపటికి ఉంచండి.