వేదికపై పాడువారికి మైకును ఎన్నుకొనుట

(శతవార్షికోత్సవ సందర్భమున గానబృందముల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవములలో పెద్దలు చరిత్రను గూర్చియు, సేవను గూర్చియు ప్రసంగించుచుండగా, మాకు మైకును గూర్చి మాట్లాడుమని అప్పగించిరి. విషయము చిన్నదిగా తోచవచ్చును. అయితే మన కూటములు ముగిసిన పిమ్మట వెనుక వరుసలలో తరచుగా వినవచ్చు మాట ఒకటున్నది: "పాట బాగానే ఉంది గానీ, ఒక్క మాటా తెలీలేదమ్మా." ఆ మాటయే నేటి మా ప్రసంగమునకు మూలవాక్యము. పొద్దంతా వేరుశనగ చేలలో కలుపు తీసి, పల్లెనుండి నడచి వచ్చి, చాపపై కూర్చున్న తల్లికి పాటలోని మాట చేరకపోయినచో, మనము వేదికకు కట్టిన రంగు కాగితములన్నియు దేనికి?

మైకు లేని కాలమున కూడ ఈ చింత ఉండెను. ఎజ్రా ధర్మశాస్త్రమును చదువుటకు కఱ్ఱతో పీఠము చేసిరని నెహెమ్యా గ్రంథము 8వ అధ్యాయములో చూచుచున్నాము. ప్రభువు దోనెలో కూర్చుండి దరిని నిలిచిన జనులతో మాట్లాడెను. 1739లో జార్జి విట్‌ఫీల్డు ఫిలడెల్ఫియా వీధిలో ప్రసంగించుచుండగా, బెంజమిన్ ఫ్రాంక్లిన్ వెనుకకు నడచుచు ఆయన స్వరము ఎంతదూరము వినవచ్చునో కొలిచి, ముప్పది వేలమందికి పైగా వినవచ్చునని లెక్క వేసెను.

మన నాటకరంగమును చూడుడు. 1880లో తాడిపత్రిలో జన్మించిన బళ్ళారి రాఘవగారును, 1885లో కడప జిల్లా సురభి గ్రామమున ఆరంభమైన సురభి నాటక సమాజమువారును మైకు రాకముందు తరమువారు. ఆ కాలమున పద్యము చివరి వరుసకు చేరవలెనన్న గొంతు పెద్దది కావలెను. మెల్లని గొంతు ఎంత మధురమైనను దానికి వేదికపై చోటు చిక్కుట కష్టము. మైకు వచ్చి ఆ కట్టుబాటును సడలించినది. ఇప్పుడు పదేండ్ల బాలికయు, కీర్తనలన్నియు కంఠస్థముగా ఎరిగిన వృద్ధురాలును వేయిమంది ఎదుట పాడగలరు. అయితే మైకును సరిగా ఎన్నుకొననిచో మరల పెద్దగొంతు వానికే చోటు మిగులును. కనుక మైకును ఎన్నుకొనుట అనగా ఎవరి గొంతు వినబడవలెనో నిర్ణయించుటయే.

ఇక విషయములోనికి వచ్చెదము. వేదికపై వాడబడు మైకులు ముఖ్యముగా రెండు జాతులు. మొదటిది డైనమిక్ మైకు. ఇందులో పలుచని పొరకు సన్నని తీగచుట్ట అంటియుండును. అది అయస్కాంతపు నడుమ కదలును. మన స్వరము పొరను కదిపినప్పుడు తీగలో విద్యుత్తు పుట్టును. ఫారడే 1831లో కనుగొనిన సూత్రమే ఇది. దీనికి బయటి కరెంటు అక్కరలేదు. చేయి జారి పడినను చాలవరకు ఓర్చుకొనును.

రెండవది కండెన్సరు మైకు. 1916లో బెల్ సంస్థలో వెంటె దీనిని రూపొందించెను. ఇది మిక్కిలి సున్నితమైనది, దూరపు ధ్వనిని కూడ పట్టును. అయితే దీనికి బ్యాటరీ గాని, మిక్సరునుండి వచ్చు 48 వోల్టుల విద్యుత్తు గాని కావలెను. నాలుగు గోడల మందిరములో గానబృందము నిలిచి పాడునప్పుడు కండెన్సరు మైకు ఎంతో చక్కగా పనిచేయును. షామియానా క్రింద, ఎదుట స్పీకర్లు, ప్రక్కన జనరేటరు ఉన్నచోట అది పాటతోపాటు జనరేటరును కూడ పాడించును. కనుక బయలు వేదికపై పాడువానికి డైనమిక్ మైకే మేలని మా అభిప్రాయము.

ఆ తరువాత చూడవలసినది మైకు ఏ దిక్కునుండి వినుననునది. కొన్ని మైకులు అన్ని దిక్కులనుండి సమముగా వినును. కొన్ని ఎదుటనుండి ఎక్కువగాను, వెనుకనుండి అతి తక్కువగాను వినును. ఇట్టివాని వినికిడి పటము హృదయాకారముగా ఉండుటచేత కార్డియాయిడ్ అందురు. 1939లో ష్యూర్ కంపెనీ ఒకే డైనమిక్ పొరతో ఇట్టి మైకును యూనిడైన్ అను పేర విడుదల చేసినది. అదే కంపెనీ 1966లో తెచ్చిన ఎస్‌ఎం58 నేటికిని లోకమంతటను పాటగాండ్ర చేతిలో కనబడుచున్నది. దాని పేరులోని అక్షరములు స్టూడియో మైకు అని సూచించినను, దానికి పేరు తెచ్చినది వేదికయే.

ఈ హృదయాకారపు గుణము మనకెందుకు? మైకు కూత పెట్టుట మీరందరును ఎరుగుదురు. స్పీకరులోనుండి వచ్చిన ధ్వని మరల మైకులో దూరి, మరింత పెద్దదై స్పీకరులోనుండి వచ్చి, మరల దూరుటవలన ఆ కూత పుట్టును. మైకువాడు భయపడి ధ్వని తగ్గించును. అంతటితో మెల్లని గొంతు మాయమగును. వెనుకటి ధ్వనిని వినని మైకు ఉన్నయెడల, కూత పుట్టకముందే ధ్వనిని మరికొంత పెంచుకొనవచ్చును. స్పీకర్లు మైకుకంటె ముందుండి జనులవైపు తిరిగి యుండవలెను. పాడువారు తమ స్వరమును వినుటకు పెట్టుకొను చిన్న స్పీకరు కార్డియాయిడ్ మైకునకు సరిగా వీపు వెనుక ఉండవలెను. సూపర్ కార్డియాయిడ్ అను మరొక రకమున్నది. అది సరిగా వెనుకనుండి కొంత వినును, ప్రక్క వెనుక మూలలనుండి అతి తక్కువగా వినును. దానికి ఆ స్పీకరును ఓరగా పెట్టవలెను.

ఇక్కడ యువకులకు ఒక మనవి. సినిమా పాటగాండ్రను చూచి మైకు తలను పిడికిలితో మూసి పట్టుకొనువారున్నారు. జాలీ క్రింద ఉండు సన్నని సందులద్వారా వచ్చు ధ్వనియే వెనుకటి సద్దును రద్దు చేయును. వానిని చేతితో మూసినచో హృదయాకారము చెడి, మైకు అన్ని దిక్కులను వినుట మొదలుపెట్టును. వెంటనే కూత వచ్చును. మైకును పిడి దగ్గరనే పట్టుకొనవలెను.

దూరము సంగతి మరియొకటి. బయలులో నోటికిని మైకునకును దూరము రెట్టింపైనచో ధ్వని 6 డెసిబెల్సు తగ్గును. కనుక మెల్లని గొంతువారు రెండు మూడు అంగుళముల దూరములో పాడవలెను. బాలిక పాడుటకు వచ్చినప్పుడు స్టాండును ఆమె నోటి ఎత్తునకు దించువాడు ఒకడు తప్పక ఉండవలెను. అయితే కార్డియాయిడ్ మైకునకు మిక్కిలి దగ్గరగా పాడినప్పుడు మంద్రస్వరము ఉబ్బును. సన్నని గొంతునకు అది నిండుదనమిచ్చును. బరువైన మగగొంతునకు మాటలను మసకబరచును. అట్టివారు ఒక జానెడు వెనుకకు జరుగుట మంచిది.

తెలుగు అక్షరములు కూడ మైకును పరీక్షించును. ప, ఫ, బ, భ పలుకునప్పుడు పెదవులనుండి గాలి ఒక్కసారిగా వెలువడి మైకులో 'ఢబ్' మని మ్రోగును. స, శ, ష లు కొన్ని మైకులలో ఈల వేయును. మాట స్పష్టత హల్లులలోనే యున్నది. అచ్చులు ఎంత పెద్దగా వినబడినను హల్లులు చెడినచో మాట తెలియదు. కనుక మైకును కొనునప్పుడు "హలో, హలో, ఒకటి, రెండు" అని పరీక్షించుట చాలదు. ప, భ, స, శ లు దండిగా గల మన పాత కీర్తన ఒకటి పాడించి, కూటపు చివర నిలిచి వినవలెను. మైకును నోటికి సరిగా ఎదురుగా గాక కొంచెము ఓరగా పెట్టుకొనినచో ఆ గాలి దెబ్బ చాలవరకు తప్పును.

పాడువాని చేతులు ఏమి చేయుచున్నవో కూడ చూడవలెను. బుర్రకథను తీసికొనుడు. 1986లో పద్మశ్రీ పొందిన నాజర్‌గారి పేరు మీరు వినియుందురు. కథకుని చేతిలో తంబుర, అందెలు ఉండును. అతడు ముందుకు వెనుకకు అడుగులు వేయును. అతనికి చేతిమైకు పనికిరాదు. మన ధర్మవరము దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలాటవారున్నారు. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. వారు తెర వెనుక రెండు చేతులతో బొమ్మలనాడించుచు పాడుదురు. అట్టివారికి స్టాండు మైకో, వ్రేలాడు మైకో, తలకు తగిలించుకొను మైకో కావలెను. మన క్రిస్మస్ నాటకములలో శిశువును ఎత్తుకొనిన మరియమ్మ పాత్రకును ఇదే ఇబ్బంది. వేదిక ముందంచున రెండు స్టాండు మైకులుంచి, మాటలున్న పాత్రలు అచ్చటికి వచ్చి పలుకునట్లు నడక నేర్పించుట చవకైన మార్గము.

గానబృందమునకు ఎన్ని మైకులు? ఎక్కువైనకొలది మంచిదని చాలమంది తలంతురు. తెరచియున్న మైకుల సంఖ్య రెట్టింపైనప్పుడెల్ల కూత పుట్టకముందు పెంచగల ధ్వని 3 డెసిబెల్సు తగ్గును. కనుక పండ్రెండుగురికి రెండు మైకులు చాలును. పాడువారు అర్ధచంద్రాకారముగా నిలువవలెను. పాడువారికిని మైకునకును ఎంత దూరమో, మైకునకును మైకునకును దానికి మూడింతలు ఉండవలెను. డోలకు వాయించువానిని పాడువాని వెనుక కూర్చుండబెట్టకూడదు. అది నేరుగా మైకు ముఖములో మ్రోగును. ప్రక్కకు జరిపినచో మాట తేటపడును.

మన సీమను గూర్చియు ఒక మాట. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము పడు పీఠభూమి మనది. వాన కరవైనను గాలికి కరవులేదు. రామగిరి కొండలపై గాలిమరలు తిరుగుట మీరు చూచుచునే యున్నారు. ఆషాఢపు గాలి మైకు జాలీని తాకినప్పుడు స్పీకరులో ఉరుము వినబడును. నురుగు తొడుగు ఒకటి తప్పక కొనుడు. అది గాలిని, ఎఱ్ఱదుమ్మును, ఉమ్మిని ఆపును. తొడుగును, విప్పుటకు వీలున్నచో జాలీని, నెలకొకసారి సబ్బునీటితో కడిగి బాగుగా ఆరిన పిమ్మటనే బిగించవలెను. 2020 తరువాత ఈ శుభ్రత ఎందుకో మనకు ఎవరును చెప్పనక్కరలేదు.

వైరులేని మైకు అందముగానే యుండును. అయితే దానికి బ్యాటరీలు కావలెను, అలల తగాదా వచ్చుటయు కలదు. అదే ధరలో వైరు మైకు మరింత మేలైనది దొరకును. వైరును గూర్చి కూడ అశ్రద్ధ పనికిరాదు. తక్కువ ఇంపెడెన్సు గల మైకును మూడు పిన్నుల బ్యాలెన్సుడు వైరుతో వేసినచో చాల దూరమువరకు స్వరము చెడదు. ఎక్కువ ఇంపెడెన్సు మైకునకు ఇరువది అడుగులు దాటిన పిమ్మట పైస్వరములు క్షీణించును, కరెంటు రొద చేరును.

ఇక డబ్బు సంగతి. సంఘపు పెట్టెలోని సొమ్ము పంట పండని ఏట కూడ ఇచ్చినవారి సొమ్ము. అందుచేత మా సలహా ఇది: నాసిరకపు మైకులు నాలుగు కొనుటకంటె మంచి కార్డియాయిడ్ డైనమిక్ మైకు ఒకటి, గట్టి వైరు, బరువైన స్టాండు కొనుడు. మన దేశపు కంపెనీల మైకులలోను మంచివి ఉన్నవి. పేరుకొరకు విదేశపుదే కావలెనని లేదు. మీ స్పీకరు ఇనుప హారను అయినచో అది అతి మంద్రమును గాని అతి సన్నని స్వరమును గాని పలుకదు. దానికి ఎంత ఖరీదైన మైకు తగిలించినను ఆ సొగసు బయటికి రాదు. పేరున్న మైకులకు నకిలీలు చాల తిరుగుచున్నవి. అధికారము గల అంగడిలో రసీదుతో కొనుడు. కొనకముందు రెండు మూడు రకములను అడిగి తెచ్చి, మీ సంఘములో అతి మెల్లగా పాడు ఒకరిచేతను, అతి గట్టిగా పాడు ఒకరిచేతను పాడించుడు. వినుటకు కమిటీ పెద్దలు మాత్రమే గాక, చెవి మందగించిన వృద్ధులనిద్దరిని వెనుక వరుసలో కూర్చుండబెట్టుడు. మాట తెలిసినదని వారు చెప్పిన మైకే మీ మైకు.

కడపటి మాట. మైకు వినగోరువారికొరకు, వినగోరనివారిని లేపుటకు కాదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు బయట లౌడుస్పీకరు వాడరాదు. మనవి సగము గ్రామములు; ప్రక్క ఇంట పరీక్షకు చదువు బిడ్డ యుండును, జ్వరముతో పండుకొనినవారుందురు. వారు మన సంఘమువారు కాకపోయినను మన పొరుగువారే. మంచి మైకు ఉన్నచోట ధ్వని తక్కువగా ఉన్నను మాట తేటగా చేరును.

ఎజ్రా చదివిన దినమున లేవీయులు జనులలో తిరిగి అర్థమును తెలియజెప్పిరి. ఆ పనిలో కొంత భాగమును నేడు చేతిలో ఇముడు ఈ చిన్న పరికరము చేయుచున్నది. దానిని ఎన్నుకొనువారు పాడువారిని, వినువారిని ఇద్దరిని మనస్సున ఉంచుకొందురుగాక.