పేరు కొనువారికి

ఊరిలో స్థలము కొనదలచినవాడు ముందుగా దస్తావేజులు చూచును, పట్టా ఎవరి పేర నున్నదో విచారించును, సరిహద్దులు కొలిపించును. ఇంటర్నెట్టులో డొమైన్ పేరు కొనువాడు సాధారణముగా ఇవేవియు చేయడు. కావలసిన పేరు టైపు చేయును, దొరకునని కనబడగానే సొమ్ము చెల్లించును. ఐదు నిమిషములలో పని ముగియును. ఆ ఐదు నిమిషములను గూర్చియే నేడు మేము ముచ్చటింపదలచితిమి.

కంప్యూటర్లు ఒకదానినొకటి అంకెలతో గుర్తించును. మనుష్యులకు అంకెలు జ్ఞాపకముండవు గనుక పేర్లు కావలసివచ్చినవి. తొలినాళ్లలో ఆ పేర్లన్నియు ఒకే పట్టికలో నుండెడివి. దానిని అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థవారు నిర్వహించెడివారు. యంత్రములు పెరిగి ఆ పద్ధతి సాగనందున 1983లో పాల్ మొకాపెట్రిస్ నేటి వ్యవస్థను రూపొందించెను. 1985 మార్చి 15వ తేదీన నమోదైన 'సింబాలిక్స్ డాట్ కామ్' ఆ విభాగమున మొదటిది. అప్పుడు రుసుము లేదు. 1995లో రెండేండ్లకు నూరు డాలర్లు పుచ్చుకొన నారంభించిరి. 1998లో ఐకాన్ సంస్థ ఏర్పడిన పిదప రిజిస్ట్రార్ల నడుమ పోటీ వచ్చి ధరలు దిగినవి.

కొనుట యనుచున్నాము గాని, నిజమునకు ఇది కౌలు. ఒక ఏడాది మొదలు పదేండ్ల వరకే గడువు. గడువు తీరిన పిదప రిజిస్ట్రార్లు కొంత వ్యవధి ఇచ్చుట వాడుక. అటుపై 'కామ్' వంటి విభాగములలో 30 దినములపాటు అదనపు రుసుముతో విడిపించుకొనవచ్చును. అదియు దాటినచో ఐదు దినములకు పేరు తొలగిపోవును, ఎవరైనను తీసికొనవచ్చును. ఈ మరపు పెద్దలకును తప్పలేదు. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్టువారు 'పాస్‌పోర్ట్ డాట్ కామ్' పేరునకు 35 డాలర్లు కట్ట మరచిరి. అనేకులకు హాట్‌మెయిల్ తెరుచుకొనలేదు. తుదకు సంస్థతో సంబంధము లేని ఒకాయన తన సొమ్ము చెల్లించి దానిని నిలబెట్టెను!

అట్టి అదృష్టము అందరికి నుండదు. మాకు తెలిసిన ఒక చేనేత సంఘమువారికి వెబ్‌సైటు చేసి ఇచ్చిన యువకుడు పేరును తన పేరనే, తన ఈమెయిలుతోనే నమోదు చేసెను. దురుద్దేశ మేమియు లేదు. పని త్వరగా ముగియవలెనని అట్లు చేసినాడు. కొన్నేండ్లకు అతడు ఉద్యోగరీత్యా విదేశమునకు పోయెను. గడువు హెచ్చరికలన్నియు ఎవరును తెరువని పెట్టెలో పడినవి. చీరల సంచులపై, రసీదు పుస్తకములపై అచ్చువేయించిన పేరు ఒకనాటి ఉదయమున జూదపు ప్రకటనలు చూపుచుండెను. తిరిగి ఇచ్చుటకు క్రొత్త యజమాని అడిగిన ధర సంఘమువారి ఏడాది లాభమును మించినది.

కావున నమోదు పత్రములో యజమాని గడియయే ముఖ్యము. అందు సంఘము పేరుండవలెను. ఈమెయిలు సంఘముదై, ఇద్దరికైనను తెలిసి యుండవలెను. మొదటి ఏడాది ధరను చూచి సంతోషించుట చాలదు, రెండవ ఏటి ధర అడుగవలెను. తేడా తరచుగా అక్కడనే దాగియుండును. ఒక రిజిస్ట్రారు నుండి మరొకరికి మారుటకు ఒక రహస్య సంకేతము కావలెను. 'కామ్' పేర్లకు నమోదైన తొలి 60 దినములలో సామాన్యముగా ఆ వీలు లేదు.

ఇతరుల పేరును పోలిన పేరు తీసికొనుటయు క్షేమము కాదు. సత్యం ఇన్ఫోవే సంస్థ తన 'సిఫీ' పేరును పోలిన పేరు మరొకరు వాడుచున్నారని వ్యాజ్యము వేయగా, డొమైన్ పేరునకు వ్యాపార చిహ్నమునకున్న రక్షణ వంటిది కలదని 2004లో సుప్రీంకోర్టు నిర్ణయించెను.

ఇప్పుడు తెలుగు లిపిలోనే 'డాట్ భారత్' పేర్లు కలవు. చూచుటకు ముచ్చటగనే యుండును. కాని పెక్కు ఫారములు, ఈమెయిలు సాధనములు వానిని ఇంకను స్వీకరింపవు. అందుచేత 'డాట్ ఇన్' పేరును ముందు తీసికొని, తెలుగు పేరును దానికి తోడుగా నుంచుకొనుట మేలని మా అభిప్రాయము.