ఇంట నిర్మించిన స్పోర్ట్సుకారు: దాని వేగమునకు హద్దు



మోటారుకారును తయారైన రూపమున కొనక, విడిభాగములు తెచ్చి ఇంటి షెడ్డులో బిగించుకొను అలవాటు ఇంగ్లండు దేశమున చిరకాలముగా కలదు. 1948 లో లండనునందు కాలిన్ ఛాప్‌మన్ అను యువకుడు పాత ఆస్టిన్ సెవెన్ కారును విప్పి, స్వహస్తములతో పోటీలకు పనికివచ్చు బండిగా మార్చెను. లోటస్ కార్లకు అదియే ఆది. 1957 లో ఆయన సంస్థ లోటస్ సెవెన్ అను రెండు సీట్ల తేలిక బండిని వెలువరించెను. సిద్ధముగా నున్న కారును కొన్నవారు ప్రభుత్వమునకు కొనుగోలు పన్ను చెల్లింపవలసి యుండెను. విడిభాగములుగా కొన్నవారికి ఆ పన్ను లేదు. అయితే బిగించు విధమును తెలుపు కాగితము జతపరచరాదట! అందువలన విప్పు విధమును అచ్చువేసి యిచ్చి, దానిని క్రిందినుండి పైకి చదువుకొమ్మనిరని ఒక ముచ్చట చెప్పుకొందురు.

ఇట్లు నిర్మించిన బండిని చూడవచ్చినవారు మొట్టమొదట అడుగునది ఒక్కటే: “ఇది ఎంత వేగముగా పోవును?” నిర్మాత చెప్పు జవాబులో తరచుగా అభిమానము పాలు ఎక్కువ, లెక్క పాలు తక్కువ. కాని ఏ టైరులు వేయవలెను, బ్రేకులు ఎంత బలముగా నుండవలెను అను నిర్ణయములు ఈ జవాబుపైననే ఆధారపడును. కర్మాగారపు కారునకు ఈ లెక్క ఇంజనీర్లు చేయుదురు. ఇంటి కారునకు నిర్మాతయే ఇంజనీరు. కావున ఆ లెక్క ఎట్టిదో తెలిసికొనుట అవసరము.

ఎదురుగాలిలో సైకిలు త్రొక్కినవారికి ఇందలి మూలసూత్రము అనుభవములోనిదే. వేగము రెట్టింపైనచో గాలి అడ్డగించు బలము నాలుగు రెట్లగును. ఆ బలమును అంత వేగముతో త్రోయవలెను గనుక, కావలసిన శక్తి ఎనిమిది రెట్లగును. దీనికి తోడు, రోడ్డుపై దొరలునప్పుడు టైరులు నలిగి కొంత శక్తిని హరించును. ఇంజను చక్రములకు అందించు శక్తి, ఈ రెండును కలిసి హరించు శక్తి ఎచ్చట సమానమగునో, అచ్చటనే బండి వేగమునకు హద్దు.

ఒక ఉదాహరణము చూడుడు. తొలి లోటస్ సెవెన్‌లో అమర్చిన ఫోర్డు ఇంజను 1172 ఘన సెంటీమీటర్లది. దాని శక్తి సుమారు 40 అశ్వశక్తులు. ఒక అశ్వశక్తి 746 వాట్లు గనుక ఇది దాదాపు 29,800 వాట్లు. గేర్లలోను, ఇరుసులోను నూటికి 15 వంతులు పోవునని అనుకొన్నచో చక్రములకు చేరునది 25,400 వాట్లు. బండికి ఎదుటి వైశాల్యము 1.3 చదరపు మీటర్లు, ఆకార గుణకము 0.65 అనుకొనుడు. చక్రములు బయటనున్న తెరపి బండికి ఇంత గుణకము సహజమే. ఈ రెంటిని, గాలి సాంద్రతయగు 1.2 ను గుణించి సగము చేసినచో దాదాపు 0.5 వచ్చును. నడుపువానితో కూడ బరువు 600 కిలోలైనచో, దొరలుటలోని నిరోధము సుమారు 90 న్యూటన్లు. సెకనుకు పోవు మీటర్లలో వేగమును తీసికొని, దాని ఘనమును 0.5 తోను, వేగమును 90 తోను గుణించి కూడినచో కావలసిన శక్తి తెలియును.

వేగము 30 అయినచో 16,200 వాట్లు చాలును. ఇంకను శక్తి మిగిలియున్నది. 36 అయినచో దాదాపు 26,600 వాట్లు కావలెను. అంత శక్తి లేదు. 35.4 దగ్గర లెక్క సరిపోవును. అనగా గంటకు 127 కిలోమీటర్లు. 1958 లో ‘ది మోటార్’ అను ఆంగ్ల పత్రిక ఈ ఇంజను గల బండిని పరీక్షించి చూచిన వేగము గంటకు 80.4 మైళ్లు, అనగా సుమారు 129 కిలోమీటర్లు. ఆకార గుణకమును 0.65 కు మారుగా 0.75 అని తీసికొన్నను జవాబు 121 కి మించి తగ్గదు. ఊహలో ఎక్కువ పొరపాటున్నను ఫలితములో తక్కువ పొరపాటే వచ్చుట ఈ లెక్కలోని సౌలభ్యము.

అదే నియమము గొప్పలు చెప్పువారికి ప్రతికూలము. 40 కి బదులు 80 అశ్వశక్తుల ఇంజను పెట్టినను వేగము 254 కాదు, 163 మాత్రమే. నిజముగా 254 కావలెనన్నచో ఏడు రెట్లకు పైగా శక్తి కావలెను. ప్రభుత్వపు పన్నును తప్పించుకొనిన నిర్మాతకైనను గాలి వేయు పన్ను తప్పదు. నూరు కిలోల బరువు తగ్గించినచో హద్దువేగము పెరుగునది ఒక్క కిలోమీటరే. గాలి నిరోధమును పదియవ వంతు తగ్గించినచో నాలుగు కిలోమీటర్లు పెరుగును. అంతమాత్రమున తేలికదనము వ్యర్థము కాదు. బండి చురుకుగా అందుకొనుటకు, త్వరగా ఆగుటకు, మలుపులు తిరుగుటకు అదియే ప్రాణము.

శక్తి యున్నను గేర్లు కలిసిరావలెను. చక్రము చుట్టుకొలత 1.9 మీటర్లు, ఇంజను పూర్తిశక్తి నిచ్చునది నిమిషమునకు 4,500 చుట్లవద్ద అనుకొనుడు. పై గేరులో ఇంజను 4.5 చుట్లకు చక్రము ఒక్క చుట్టు తిరిగినచో, అప్పటి వేగము 114 కిలోమీటర్లే. 127 వద్ద పూర్తిశక్తి అందవలెనన్నచో నిష్పత్తి 4 కు సమీపముగా నుండవలెను. 3.5 కు తగ్గించినచో ఇంజను 3,900 చుట్లవద్దనే తిరుగుచు పూర్తిశక్తి నియ్యజాలదు. వేగము పెరుగుటకు మారుగా తరుగును.

లెక్కను సరిచూచుకొనుటకు పూర్తివేగముతో పోనక్కరలేదు. రాకపోకలు లేని ప్రత్యేకపు బాటపై, గాలిలేని వేళ, గేరు తప్పించి బండిని దానంతట అదే నెమ్మదింపనిండు. పై ఉదాహరణములోని బండి 105 నుండి 95 కిలోమీటర్లకు తగ్గుటకు సుమారు మూడున్నర సెకన్లు పట్టును. అంతకన్న త్వరగా తగ్గినచో నిరోధము ఎక్కువయని గ్రహింపవలెను. రాను పోను రెండు దిశలలోను పరీక్షించి సగటు తీయవలెను. ప్రపంచ వేగరికార్డులకు సైతము ఒక గంటలోపల ఎదురెదురు దిశలలో రెండు పరుగులు విధించుట ఇందులకే. స్పీడోమీటరు ముల్లు సాధారణముగా ఉన్నదానికన్న ఎక్కువే చూపును. దానిని ప్రమాణముగా గొనరాదు.

ఇంజను మార్చి 127 ను 163 చేసిన నిర్మాత బ్రేకులపై నెంత భారము పెంచెనో యోచింపుడు. బండిలోని గతిశక్తి వేగవర్గమును బట్టి యుండును గనుక, బ్రేకులు వేడిగా మార్చి వదలవలసిన శక్తి నూటికి 65 వంతులు పెరిగినది. టైరులపై ముద్రించిన అక్షరములలో ‘ఎస్’ అనునది 180 కిలోమీటర్లకు, ‘టి’ 190 కి, ‘హెచ్’ 210 కి హద్దు. లెక్క తెలియనివాడు ఈ అక్షరములను చదివియు చదువనివాడే. తన బండి హద్దు నెరిగినవాడు పాత టైరులను సంతోషముగా పారవేయును; ఎరుగనివాడు వానిపై తనతోపాటు ప్రక్క సీటువాని ప్రాణమును గూడ పణముగా పెట్టును.

1973 లో లోటస్ సెవెన్ నిర్మాణపు హక్కులు కేటరమ్ సంస్థకు సంక్రమించెను. 1996 లో రాన్ ఛాంపియన్ అను రచయిత, 250 పౌనుల స్వల్పవ్యయముతో ఇట్టి స్పోర్ట్సుకారును స్వయముగా నిర్మించుకొను విధమును ఒక గ్రంథముగా వెలువరించెను. పాత ఫోర్డు ఎస్కార్టు కారు భాగములే అందులకు ముఖ్యాధారము. ఆ గ్రంథమును చదివి సుత్తి పట్టినవారు, వెల్డింగు నేర్చినవారు పెక్కుమంది. పుస్తకము మనుజుని చేతికి పని నిచ్చుననుటకు ఇంతకన్న నిదర్శనమేల? అయితే చేతికి పని యిచ్చిన చదువే ఆ పనికి హద్దును కూడ నేర్పవలెను. షెడ్డులో పానాల ప్రక్కన ఒక కాగితము, ఒక పెన్సిలు కూడ ఉంచుకొనిన నిర్మాతయే తన బండిలో నిశ్చింతగా ఇల్లు చేరును.