ఇంటి సాలీడులు – వాని విషము



ఏలూరికిని తాడేపల్లిగూడెమునకును నడుమ, కొల్లేటికి ఉత్తరముగా నున్నది మా గుండుగొలను. చుట్టును వరిచేలు, కాలువలు, చేపలచెరువులు. నీరున్నచోట పురుగుండును, పురుగున్నచోట సాలీడుండును. కావున మా ఇండ్ల దూలములకును మూలలకును ఈ జీవి కొఱత యెన్నడును లేదు. ఒడలిపై పొక్కు లేచినను, రాత్రివేళ ఏదో కుట్టినట్లు తోచినను, "సాలెపురుగు పాకినది" అని తీర్మానించి, పసరు పూసి యూరకుండుట మనలో వాడుక. ఈ తీర్మానము ఒక్కొక్కప్పుడు ప్రాణముల మీదికి వచ్చును. అందుచేతనే ఈ ప్రసంగము.

ముందుగా ఇంట కనబడువానిని గుర్తింతము. మూలలలో పలుచని గూడల్లి, తాకగానే ఉయ్యాలవలె ఊగెడు పొడుగుకాళ్ళ సాలీడు ఒకటి. దాని గూడే మనము దులుపు బూజు. గోడలమీద ఈగను పొంచి, పిల్లివలె మీదికి దుముకు చిన్న సాలీడు రెండవది. ఇది గూడల్లి వేటాడదు. ఇక మూడవది మన స్త్రీలను బిడ్డలను హడలగొట్టునది: అరచేతి వెడల్పున కాళ్ళు చాచి, బల్లివలె గోడపై పరుగెత్తు గోధుమవన్నె సాలీడు. ఆడుది తెల్లని బిళ్ళవంటి గ్రుడ్లసంచిని పొట్టక్రింద పట్టుకొని తిరుగును. చూచుటకు భయంకరమే గాని, దాని యాహారము బొద్దింకలు. చేతితో పట్టి నలిపినచో కరవవచ్చును. కొంత మంట, వాపు కలిగి తగ్గిపోవును. అంతకుమించి దానివలన భయము లేదు. సాలీడులలో నించుమించుగా అన్నిటికిని విషము గలదు. కాని పెక్కింటి కోరలు మన చర్మమును దూయజాలవు.

మఱి అపాయకరమైనవి లేవా యన్నచో, కలవు. అమెరికాలో బ్లాక్ విడో అని పేరుమోసిన నల్లసాలీడునకు జ్ఞాతులైనవి మన దేశమునను గలవు గాని మిక్కిలి అరుదు. ఆడుదాని పొట్ట బఠాణీగింజవలె గుండ్రముగా నల్లగా నుండి, ఎఱ్ఱని గుర్తు కలిగియుండును. ఇట్టిదానిని రాళ్ళక్రింద, కట్టెలసందున గాంచినచో చేయి పెట్టరాదు. ఇక రోమములతో నిండిన పెద్ద చెట్టుసాలీడులు అడవిలో చెట్టుతొఱ్ఱలయందుండును. అనంతపురము జిల్లా గుత్తిలో దొరకిన నీలివన్నె సాలీడును 1899లో పోకాక్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు లోకమునకు వెల్లడించెను. తరువాత నూఱేండ్లకు, 2001లో, నంద్యాల గిద్దలూరుల నడిమి యడవిలో అది మరల కనబడెను. దాని కాటు మిక్కిలి నొప్పిని, కండరముల ఈడ్పును కలిగించును. అయితే అది మన దూలములలో కాపురముండు జీవి గాదు.

ఇప్పుడు పొక్కుల సంగతి. సాలీడు మూత్రము పోసినచో పొక్కును అను మాట నేటిది గాదు. సుశ్రుతుడు కల్పస్థానమున లూతలను పదునాఱు తెగలుగా విభజించి, వానిలో నొకదానికి మూత్రవిష యనియే పేరిడెను. పూర్వుల పరిశీలనను నేను తేలిక చేయను. కాని సాలీడు విషము కోరలనుండియే వచ్చునని నేడు తెలిసినది. మన వరిపొలములలో చీమవంటి సన్నని పురుగొకటి గలదు; తల నలుపు, మెడయు పొట్టయు నారింజవన్నె, పొట్టకొన నలుపు, నడుమ నీలిచాయగల పొట్టి రెక్కలు. రాత్రి దీపమునకు వచ్చి మనపై వ్రాలును. కుట్టదు, కరవదు, నిద్రమత్తులో మనము నలిపినపుడు దాని రసము తగిలి, ఒకటి రెండు దినములకు చాఱగా మంటయు పొక్కులును లేచును. తెల్లవాఱి గోడపై సాలీడు కనబడును. నింద దానిపై బడును! ఈ పురుగు ఒంటిపై వ్రాలినచో నలుపక ఊదివేసి, ఆ చోటు సబ్బుతో కడుగవలెను. ఆ చేతితో కన్ను తుడువరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది కట్లపాము. ఇది రాత్రివేళ ఇల్లు చొచ్చి, నేలపై పరుండినవారిని కఱచును. నొప్పి యుండకపోవచ్చును, గాటును కనబడకపోవచ్చును. "ఏదో పురుగు కుట్టినది, సాలీడు కాబోలు" అని మరల నిద్రించినవాడు తెల్లవాఱుసరికి కడుపునొప్పి యనును. కనుఱెప్పలు వాలును, మాట ముద్దగును, మ్రింగుడు పడదు, పిమ్మట ఊపిరి ఆగును. కావున నేలపై పరుండి, కుట్టినదేదో కంటితో చూడనిచో, అది సాలీడని యెవ్వరును తీర్పు చెప్పరాదు. కట్టు బిగింపక, కోయక, నడిపింపక, 108 బండిని పిలిచి, పాము విషమునకు విఱుగుడు సూది యున్న ఆసుపత్రికి వెంటనే చేర్పవలెను. పసరు వైద్యుని యింట పోగొట్టిన గడియలు తిరిగి రావు.

సాలీడులను ఇంటికి రానీయకుండుటకు మొదటి యుపాయము వాని యాహారమును తగ్గించుట. వాకిట తెల్లని కాంతిగల దీపమునకు మారు మందమైన పసుపుదీపము పెట్టినచో పురుగు తక్కువ వచ్చును, సాలీడును తగ్గును. వంటచెఱకు, పిడకలు, గడ్డివామి గోడ కానించి యుంచరాదు. అవి తేలునకును పామునకును కూడ నీడ. గోడల నెఱ్ఱెలు పూడ్చి సున్నము వేయవలెను. వారమున కొకసారి బూజుకఱ్ఱతో దులిపి, గ్రుడ్లసంచులను తీసివేయవలెను. ఒక్క సంచినుండి నూటికి పైగా పిల్లలు రాగలవు. చెప్పులు, కొక్కెమున వ్రేలాడు చొక్కా దులిపి తొడుగవలెను. మంచము గోడకు ఎడముగా నుంచి, దోమతెర అంచులు పఱుపుక్రిందికి దోపినచో ఇన్ని బాధలకు నదియొక్కటే అడ్డు. దాళ్వా చేలకు చల్లగా మిగిలిన మందును కొందఱు ఇంటిమూలల కొట్టుచున్నారు. ఇది బొత్తిగా కూడనిది. సాలీడుకంటె ఆ మందే బిడ్డలకు విషము.

ఇంట చొఱబడిన పెద్దసాలీడును చంపవలసిన పని లేదు. వెడల్పు గ్లాసు దానిపై బోర్లించి, అడుగున అట్టముక్క దూర్చి, దొడ్డివెలుపల విడిచిపెట్టవచ్చును. వరిదుబ్బుల మొదట సుడిదోమను పట్టి తినునవి దాని బంధువులైన పొలపు సాలీడులే యని రైతులు ఎఱుగుదురు.