ఒక బ్లాకు మీద మరో హెడ్డు



పుత్తూరు, తిరుత్తణి మీదుగా చెన్నైకి రైల్లో వెళ్ళే మీకు, ఆవడి దాటాక వచ్చే అంబత్తూరు తెలియని ఊరు కాదు. 1960లలో ఏర్పడ్డ అక్కడి పారిశ్రామికవాడలో లేతు, బోరింగ్, మిల్లింగ్ పనులు చేసే షెడ్లు ఎన్నో. మన సరిహద్దు పల్లెల నుంచి వెళ్ళి అక్కడ పని నేర్చుకున్న కుర్రవాళ్ళూ ఉన్నారు. అక్కడికి షోళవరం ఎంతో దూరం కాదు. పాత విమానాల రన్‌వే మీద ఏళ్ళ తరబడి మోటారు రేసులు జరిగిన చోటు అది. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన రేసు ట్రాకే వచ్చింది. కనుక "ఈ బ్లాకు మీద ట్విన్ క్యాం హెడ్డు కూర్చుంటుందా?" అనే ప్రశ్న ఈ ప్రాంతపు మెకానిక్కులకు వింతేమీ కాదు. కూర్చోబెట్టడం ఒక ఎత్తు, ఆ ఇంజను బతకడం మరో ఎత్తు.

ముందు మాటకు అర్థం చెప్పుకుందాం. పాత అంబాసిడర్ ఇంజనులో క్యాం షాఫ్టు కింద, బ్లాకులో ఉంటుంది. అది పొడుగాటి పుష్‌రాడ్లను తోస్తే, అవి రాకర్లను కదిపితే, అప్పుడు వాల్వులు తెరుచుకుంటాయి. ఇంజను వేగం పెరిగేకొద్దీ ఈ సామానంతటి బరువు అడ్డొస్తుంది. ట్విన్ క్యాంలో రెండు షాఫ్టులు హెడ్డులోనే, వాల్వుల నెత్తిన ఉంటాయి. ఒకటి ఇన్‌లెట్ వాల్వులకు, ఒకటి ఎగ్జాస్టు వాల్వులకు.

అంబాసిడర్ పేరెత్తడానికి కారణముంది. ఆ కారు చాలాకాలం మోసిన 1489 సీసీ ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్. అదే కుటుంబపు బ్లాకు మీద ఆ కంపెనీయే అల్యూమినియం ట్విన్ క్యాం హెడ్డు బిగించి, 1958లో ఎంజీఏ ట్విన్ క్యాం అనే స్పోర్ట్స్ కారు తెచ్చింది. 1588 సీసీ, 108 గుర్రాల శక్తి. రెండేళ్ళకే, 1960లో ఆపేసింది. రెండువేల చిల్లర కార్లే తయారయ్యాయి. పిస్టన్లకు బొక్కలు పడేవి మరి! మొదట కంప్రెషను 9.9 ఉండేది, తరువాత 8.3కి దించారు. లెక్క వేసి చూడండి. ఒక్కో సిలిండరు 397 సీసీ. పిస్టను పైకొచ్చినప్పుడు దాని మీద మిగిలే ఖాళీ 45 సీసీ ఉంటే 9.9 వస్తుంది, 54 ఉంటే 8.3 వస్తుంది. తేడా పది సీసీలు కూడా లేదు. పిల్లలకు పోసే టానిక్కు రెండు చెంచాలు! అందుకే హెడ్డులోని గుంటను బ్యూరెట్టుతో కిరసనాయిలు పోసి కొలవాలి. కంటితో చూసి చెప్పే కొలత కాదిది.

ఇక షెడ్డులో పని. గ్యాస్కెట్టును మొదట బ్లాకు మీద, తరువాత హెడ్డు మీద పరిచి చూడండి. బోల్టు రంధ్రాలు కలవకపోతే ఆ బేరం అక్కడే మానుకోవడం మంచిదని నా అభిప్రాయం. నీటి రంధ్రాలు తప్పితే ఆర్గాన్ వెల్డింగుతో పూడ్చి, మళ్ళీ ఫేసింగ్ చేయించవచ్చు. నూనె దారి మాత్రం మూసుకుపోకూడదు. నూనె అందని క్యాం షాఫ్టు నిమిషాల్లో పట్టేస్తుంది.

పాత క్యాం షాఫ్టును పారేయకండి. ఆయిల్ పంపునూ, డిస్ట్రిబ్యూటరునూ తిప్పేది అదే. 1962లో ఫోర్డు బ్లాకు మీద లోటస్ వారు ట్విన్ క్యాం హెడ్డు పెట్టినప్పుడు, పాత షాఫ్టును ఆ పనులకే దాని చోటనే ఉంచారు. గొలుసును మాత్రం పొడుగు చేసి పై రెండు షాఫ్టులకూ చుట్టారు.

తరువాత పిస్టను నెత్తిన పిల్లలాడే మెత్తని బంకమట్టి అద్ది, హెడ్డు బిగించి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పండి. రెండు చుట్లకు గానీ క్యాం ఒక చుట్టు తిరగదు. విప్పి, వాల్వు నొక్కిన చోట మట్టి మందం కొలవండి. ఇన్‌లెట్ వైపు రెండు మిల్లీమీటర్లు, ఎగ్జాస్టు వైపు రెండున్నర ఉంటే ధైర్యంగా ముందుకు పోవచ్చు. ఎగ్జాస్టు వాల్వును పిస్టను కింది నుంచి తరుముకుంటూ వస్తుంది, అందుకే అక్కడ ఎక్కువ.

ఇదంతా రేసు ట్రాకు బండికి చెబుతున్న సంగతి. రోడ్డు మీద తిరిగే బండిని తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది.

అన్నీ బిగించాక వెంటనే స్టార్టు చేయకండి. ప్లగ్గులు విప్పి, పై మూత తీసి, స్టార్టరుతో ఇంజనును ఊరికే తిప్పండి. రెండు క్యాం షాఫ్టుల మీదా నూనె ఊరడం కళ్ళారా చూశాకే మూత పెట్టి, ప్లగ్గులు బిగించండి.